పదకొండు గంటల దిక్కున చేప

ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న దీవుల దగ్గర, బహామాస్‌లో, బెలీజ్‌లో సముద్రం కొన్నిచోట్ల మోకాలి లోతుకు తగ్గిపోతుంది. అడుగున తెల్లటి ఇసుక, నాచుగడ్డి, ఒడ్డున మడచెట్లు. ఆ పల్చటి ఉప్పునీళ్లలో తేలే చిన్న పడవను స్కిఫ్ అంటారు. అందులో ముగ్గురుంటారు. ముందు కొసన గాలపు కర్ర పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి, వెనక కొసన ఎత్తైన అరుగెక్కి గెడ వేసే గైడు, నడుమ ఏ పనీ లేకుండా కూర్చున్న స్నేహితుడు. నాలుగో ప్రాణి చేప. అది చాలాసార్లు ఉండదు. ఉన్నా కనబడదు. కనబడినా పడదు. పడినా వంటింటి దాకా రాదు, ఒక ఫొటో దిగి మళ్లీ నీళ్లలోకే పోతుంది. ఇంత చిన్న వేషం వేసే జీవి కోసమే ఈ నాటకమంతా ఆడుతున్నారంటే నమ్మడం కష్టం. ఆ పెద్దమనిషి రోజుకు ఆరేడు వందల డాలర్ల పైచిలుకు పోసి కొనుక్కునేది తనను గద్దించే మనిషిని అని నా వాదన. చేప దానికి ఒక మర్యాదైన సాకు.

సాక్ష్యాల కోసం దూరం పోనక్కర్లేదు, పడవలో ఎవరి పని ఏమిటో చూస్తే చాలు. ఇక్కడ వేటాడే బోన్‌ఫిష్ అనే చేప పొలుసులు చుట్టుపక్కల రంగునే తిప్పి చూపిస్తాయి. పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకున్నా కొత్తవాడికి కనిపించేది ఇసుకే. అడుగున నీడ కదలడం, చేప తల కిందికి పెట్టి రొయ్యనో పీతనో తవ్వుకునేటప్పుడు తోక కొస నీళ్లపైన తళుక్కుమనడం, ఇవి పసిగట్టే కన్ను గైడుది. పోటు ఎక్కుతున్నప్పుడు చేపలు ఏ మడ వైపు వస్తాయో, పాటు తీస్తున్నప్పుడు ఏ కాలువ గుండా దిగుతాయో తెలిసిన బుర్ర గైడుది. ఇంజను ఆపేసి, చప్పుడు కాకుండా పడవను గంటల తరబడి గెడతో నెట్టే భుజాలూ గైడువే. వెనకటి గైడులు పడవలోనే నిలబడి గెడ వేసేవారు. 1970ల్లో బిల్ కర్టిస్ అనే ఫ్లోరిడా గైడు ఇంజను మీదుగా అరుగు కట్టి దానిమీదికెక్కాడు. ఎత్తునుంచి చూస్తే చేపలు ముందే కనబడతాయన్నది కారణం, అది నిజం కూడా. అయితే దాంతోపాటు జీతం తీసుకునేవాడు పైన, ఇచ్చేవాడు కింద అనే ఏర్పాటు కూడా స్థిరపడింది. కొబ్బరి దింపు పనిని మినహాయిస్తే ఇలాంటి ఉద్యోగం మరొకటి నాకు తోచడం లేదు.

ఆ పైనుంచి ఆజ్ఞలు గడియారం లెక్కలో దిగుతాయి. పడవ ముక్కు ఎటుంటే అటు పన్నెండు. ఎడమకు పదకొండు, పది, తొమ్మిది. కుడికి ఒకటి, రెండు, మూడు. “పదకొండు గంటలు! నలభై అడుగులు! ఎడమకు పోతోంది, వెయ్యి!” అని కేక పడుతుంది. ముందున్నాయన ఒంటిగంటకు వేస్తాడు. “ఎడమ! నీ ఎడమ!” రెండోసారి సరిగ్గా పడిందనుకుంటే, “లాగు. లాగు. ఆగు. ఆగమన్నానా! ఇప్పుడు గట్టిగా లాగు!” ఈ సంభాషణలో విధి వాక్యాలు తప్ప మరేమీ ఉండవు. పెద్ద పెద్ద కంపెనీలు నడిపేవాడైనా సరే, రోజు మొత్తానికి అతను పలికే మాట ఒక్కటే, “ఎక్కడ?”

తిట్లకు లోటు రాకుండా చూసేందుకు పనిముట్లను కూడా తగినట్టే ఎంచుకున్నారు. మామూలు గాలానికి ఎర బరువు ఉంటుంది, విసిరితే పోతుంది. ఈకలూ వెంట్రుకలూ మెరుపు పోగులూ కొక్కేనికి చుట్టిన ఫ్లై అనే ఇక్కడి ఎరకు చెప్పుకోదగ్గ బరువు లేదు. అందుకని విసరవలసింది దారాన్ని. లావుపాటి దారాన్ని తలమీద ముందుకూ వెనక్కూ ఊపి ఊపి, ఆ దారం బరువుతో ఫ్లైని పంపాలి. ఎండవేళ సముద్రగాలి ఊరుకోదు. వెనక్కి ఊపిన ప్రతిసారీ కొక్కెం నడుమ కూర్చున్న స్నేహితుడి టోపీ దాటి, అరుగు మీది గైడు మోకాళ్ల దాకా పోయి రావాలి. ఈలోగా కాళ్ల దగ్గర చుట్టలుగా పడిన దారాన్ని వేటగాడు తానే తొక్కి ఉంటాడు, కాబట్టి విసురు సగంలో తెగుతుంది. ఇన్నీ దాటి చేప ఎర అందుకుందనుకోండి, కర్ర పైకెత్తితే పోయినట్టే. చన్నీళ్ల వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టినవాడికి కర్ర ఎత్తడం ఎముకల్లో పట్టిన అలవాటు. ఇక్కడ కర్ర కదల్చకుండా చేత్తో దారం లాగి కొక్కెం నాటాలి. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడే ఎక్కువ తిట్లు తినే వేట ఇది.

ఇంత కష్టం తప్పనిదా అంటే, కాదు. బతికున్న రొయ్యను కొక్కేనికి గుచ్చి ముందు పడేస్తే బోన్‌ఫిష్ మొహమాటం లేకుండా మింగుతుంది. కానీ 1939లో పుట్టిన అంతర్జాతీయ గాలపు వేట సంఘం, ఐ.జి.ఎఫ్.ఎ., ఫ్లై వేట నిబంధనల్లో నిజమైన ఎరను ఒప్పుకోదు, వాసన పూయడం కూడా ఒప్పుకోదు. ఆకలిగా ఉన్న చేపకు తినదగినది పెట్టడం ఇక్కడ నేరం. పర్మిట్ అనే చేప ముందు ఈ నిబంధన కాస్తా క్రూర హాస్యమవుతుంది. అది ఎర దగ్గరికి వస్తుంది, తీరిగ్గా పరీక్షిస్తుంది, వెళ్లిపోతుంది. పెళ్లిచూపులకొచ్చి కాఫీ తాగి, ఉత్తరం రాస్తామని లేచిపోయే వరుడి పక్షంవారికీ దానికీ తేడా లేదు. బతుకులో ఒక్క పర్మిట్ ఫ్లైకి పడితే చాలునని మొక్కుకునేవాళ్లున్నారు. డెల్ బ్రౌన్ అనే ఆయన తివాచీ నూలు పోగులతో పీతలాంటి ఫ్లై ఒకటి కట్టి, అయిదు వందలకు పైగా పర్మిట్లు పట్టాడు. మిగతావాళ్లందరి తరఫునా చేపల మీద పగ తీర్చుకున్నాడనుకోవాలి. ఈ పల్చటి నీళ్ల వేటలో మరో పేరుమోసిన ఫ్లై సంగతి చూడండి. 1970ల్లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో బాబ్ నాహైమ్ అనే అమెరికన్ ఒక బోన్‌ఫిష్ ఫ్లై కట్టాడు. లోకమంతా అమ్ముడుపోయే ఆ ఫ్లైని క్రేజీ చార్లీ అంటారు. చార్లీ కట్టినవాడు కాదు, చార్లీ స్మిత్ అనే గైడు.

తిట్లు తినడానికి ఎవరెవరు వస్తారో చూస్తే నా వాదనకు మరింత బలం. బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ 1941లో .406 సగటు సాధించాడు. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక సీజను మొత్తానికి .400 దాటినవాడు ఆ తర్వాత మరొకడు లేడు. దూసుకొచ్చే బంతిని అంత బాగా చూడగలిగిన ఆ మనిషి ఆట మానేశాక ఫ్లోరిడాలోని ఇస్లామొరాడాలో స్థిరపడి, నీళ్లలో చేప కోసం వెతికాడు. పెద్ద జార్జ్ బుష్ అధ్యక్ష పదవి దిగాక అదే ఇస్లామొరాడాలో తన పేరిట ఏటా బోన్‌ఫిష్ పోటీ నడిపించాడు. సైన్యాలను కదిలించినవాడికైనా పడవ ముక్కు పన్నెండే, దానికి మినహాయింపు లేదు. జీవితమంతా ఆజ్ఞలిచ్చినవాళ్లకు ఆజ్ఞలు పుచ్చుకోవడం ఎంత విశ్రాంతో మనలాంటి గుమాస్తా బుర్రలకు అందదు, మనకది జీతంతోపాటు ఉచితంగా దొరుకుతోంది కదా. గైడు గొంతు చాలదనుకుంటే టార్పన్ ఉంది. వంద పౌన్లకు పైగా తూగే ఈ వెండి చేప కొక్కెం పడగానే నిలువునా గాలిలోకి లేస్తుంది. అప్పుడు దారం బిగుసుకుని తెగకుండా వేటగాడు నడుం వంచి కర్రను ముందుకు చాపాలి. రాజుగారికి వంగడం అని దానికి పేరు. గైడుకు చెవి అప్పగించడం, చేపకు నడుం వంచడం, రెండూ ఒకే టిక్కెట్టు మీద.

దీన్ని కాదనేవాళ్లు మొదట చెప్పేది నైపుణ్యం గురించి. గద్దింపు పైపై మాట, గాలికి ఎదురుగా నలభై అడుగుల దూరాన ఒక పళ్లెమంత చోట ఫ్లైని ఆకు రాలినట్టు దించడంలో ఆనందముంది, దానికే ఈ ఖర్చు అంటారు. ఆనందం ఉందని ఒప్పుకుంటాను. బోన్‌ఫిష్ పరుగు కూడా నా వాదనకు లొంగదు. కొక్కెం తగలగానే అది వంద గజాల దారం రీలు నుంచి కొద్ది క్షణాల్లో లాక్కుపోతుంది, ఆ క్షణాల్లో గైడు సైతం నోరు మూస్తాడు. అయితే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా సాగే రోజులో ఆ మౌనం ఎంతసేపు? ఉన్న సమయంలో అత్యధిక భాగం దేనితో నిండిందో దానికే వెల కట్టినట్టు లెక్క. నైపుణ్యమే కావాలంటే ఏదో పార్కులో గడ్డి మీద నిలబడి దారం విసరవచ్చు, అలా విసిరేవాళ్లూ ఉన్నారు, అక్కడ ఎవరూ తిట్టరు. అందుకే కాబోలు అక్కడ ఎవరూ డబ్బు కూడా ఇవ్వరు.

చేప లేకపోతే పడవెక్కేవాడెవడు అన్నది రెండో ప్రశ్న. దీనికి బహామాస్‌లోని బిమినీ దీవి జవాబు చెబుతుంది. అన్సిల్ సాండర్స్ అక్కడ పేరున్న బోన్‌ఫిష్ గైడు, పడవలు కట్టే మేస్త్రీ. 1971లో ఆయన పడవలో పదహారు పౌన్లు దాటిన రికార్డు బోన్‌ఫిష్ పడింది. కానీ ఆయన పడవ ఎక్కినవాళ్లలో లోకం గుర్తుంచుకున్నది ఆ చేపను పట్టినాయనను కాదు. 1964లో నోబెల్ శాంతి బహుమతి అందుకోబోయే ముందు మార్టిన్ లూథర్ కింగ్ బిమినీకి వచ్చినప్పుడు, సాండర్స్ ఆయన్ను మడ అడవుల మధ్యకు తీసుకుపోయాడు, ఆయన అక్కడ కూర్చుని తన ప్రసంగం రాసుకున్నాడు. 1968లో మళ్లీ వచ్చాడు. ఈ వేటకు పడవ కావాలి, నీళ్లు కావాలి, గెడ పట్టే మనిషి కావాలి. చేప లేకుండా ఆ పడవలో గొప్ప పని జరిగింది. గైడు లేకుండా జరిగిన గొప్ప పని ఒక్కటి చూపించండి.

మూడో అభ్యంతరం మన గోదావరి జిల్లాల వైపు నుంచి వస్తుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పుస్తెలమ్మైనా పులస తినాలన్నవాళ్లకు, పుస్తెలంత ఖర్చుపెట్టి పట్టిన చేపను వదిలెయ్యడం చూస్తే కడుపు రగలడంలో తప్పులేదు. పైగా వదిలిన చేప క్షేమంగా వెళుతుందనే హామీ కూడా లేదు. ఫొటో కోసం నీళ్లపైన ఎక్కువసేపు పట్టుకుంటే అది తూలిపోతుంది, తూలిన చేప కోసం సొరలూ బారకూడాలూ కాచుకునుంటాయి. తినడానికి చంపడం కంటే ఆటకు హింసించడం మేలా అని అడిగితే, నిజాయితీగా మేలని చెప్పలేను. లెక్క మాత్రం చెప్పగలను. బెలీజ్ 2009లో బోన్‌ఫిష్, టార్పన్, పర్మిట్ మూడింటినీ పట్టి వదలాలని చట్టం చేసింది. ఫ్లోరిడా 2013లో బోన్‌ఫిష్, టార్పన్ విషయంలో దాదాపు అదే పని చేసింది. బహామాస్‌లో ఈ పల్చటి నీళ్ల వేట ఏడాదికి 14 కోట్ల డాలర్ల వ్యాపారమని 2010 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కూర వండితే ఒక్క పూటకు సరిపోయే చేప, బతికుంటే పదిమంది పెద్దమనుషుల చేత తిట్లు తినిపిస్తుంది. 2019లో డోరియన్ తుఫాను అబాకో, గ్రాండ్ బహామా దీవుల మడలను ఊడ్చిపెట్టాక, మొక్కలు నాటడానికి నీళ్లలో దిగినవాళ్లలో అక్కడి గైడులున్నారు. గద్దించే వృత్తికి గద్దించడానికి ఒక చోటుండాలి మరి.

ఇక స్నేహితుడు. గైడు ధర పడవకు, మనిషికి కాదు. కాబట్టి ఇద్దరు ఎక్కితే చెరి సగం. ఒక చేప పడితేనో అరగంట గడిస్తేనో వంతు మారుతుంది. స్నేహితుడు అందుకే వచ్చాడని పైకి చెప్పుకుంటారు. కానీ సగం ధరకు అతనికి దొరుకుతున్నదేమిటో చూడండి. తన వంతు తిట్లు తను తింటాడు, రెండో వాడి వంతు తిట్లు మెత్తటి సీటు మీద కూర్చుని శాండ్‌విచ్ నములుతూ వింటాడు. ఊళ్లో అందరికీ చెప్పడానికి సాక్షి అతనొక్కడే కనుక, పడిన చేప తూకం ఎంతన్నది కూడా అతని దయమీదే ఉంటుంది. తలమీదుగా పోయే కొక్కెం వల్ల వచ్చే ప్రమాదాన్ని ఈ లాభాలకు ఎదురు వేసినా బేరం అతనిదే. సాయంత్రం రేవులో గైడుకు కిరాయి మీద అయిదో వంతు టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. చేప పడని రోజు కూడా ఆ మొత్తం తగ్గదు. చేపకే డబ్బు ఇచ్చి ఉంటే ఆ రోజు ఎవరో ఒకరు బేరమాడి ఉండేవారు. చేప పడని రోజున తిట్లు రెట్టింపు పడతాయి గనక, తగ్గించమని అడిగే మొహం ఎవరికీ ఉండదు.