మూడవ గాడి: ఒక పడకకుర్చీ ఆత్మకథ

పాపికొండల యడవులలో పెరిగిన టేకుమ్రాను తెప్పగా కట్టబడి, గోదావరీ ప్రవాహము వెంట రాజమహేంద్రవరపు రేవు చేరి, అచ్చట రంపపుకోతకు గురియై, చివరకొక వడ్రంగి చేతిలో పడకకుర్చీగా పునర్జన్మ మెత్తుట నా వంశచరిత్రము. 1967 పుష్కరములకు ముందటి యేట ఇన్నీసుపేటలోని యొక విశ్రాంతోపాధ్యాయుడు నన్ను కొని తెచ్చి వీథియరుగుపై వేయించెను.

నా వెనుక చట్టమున మూడు గాళ్లు గలవు. అడ్డకర్రను మొదటి గాడిలో నిలిపినచో మనుష్యుడు దాదాపు శయనించును. మాష్టారి మధ్యాహ్ననిద్ర యంతయు అందులోనే. రెండవది వార్తాపత్రికా పఠనమునకు. మూడవది మిక్కిలి నిటారు. దానిని వడ్రంగి యేల చెక్కెనో, మాష్టారి మనుమరాలు నాలుగేండ్లది యగువరకు, నాకు బోధపడలేదు.

ఆ బిడ్డకు ఉబ్బసము. పగలెల్ల అరుగుమీద గవ్వలాడుకొను పిల్ల అర్ధరాత్రము దాటగానే దగ్గనారంభించును, దగ్గు పిల్లికూతలగును, కోడి కూయుటకు ముందు, నాలుగుగంటల ప్రాంతమున, డొక్కలెగురుచు, వాక్యము పూర్తిచేయు శక్తిలేక కన్నులతో తల్లిని వేడుకొనును. తల్లియేమో నిద్రపట్టిన తగ్గునను నాసతో మరల పడుకోబెట్టుచుండెను. ఒకనాటి రాత్రి వచ్చిన వైద్యుడు ఇంజక్షను చేసి చెప్పిన మాట నేటికిని నాకు జ్ఞప్తి యున్నది. "పడుకోబెట్టకండి మాష్టారూ, కూర్చోబెట్టండి. పడుకుంటే పొట్ట పైకి తోస్తుందండీ, ఊపిరితిత్తులకి చోటుండదు. ఆ అరుగుమీది పడకకుర్చీ లోపల వేయించండి."

అది మొదలు మూడవగాడి బిడ్డదయ్యెను. నా పొడవైన చేతులపై మోచేతులూని కూర్చున్నచో భుజములు స్థిరపడి, మెడకండరములును రొమ్ముకండరములును శ్వాసకు తోడ్పడును. ఆ గంటకే రోగమేల విజృంభించునని మాష్టారు ప్రశ్నింపగా, శ్వాసనాళములను విప్పారజేయు అడ్రినలిన్, వాపును తగ్గించు కార్టిసాల్ అను స్రావములు రాత్రివేళ శరీరమున క్షీణించుననియు, తెల్లవారుజామున ఆ నాళములు మిక్కిలి సంకుచితములగుననియు వైద్యుడు వివరించెను. మానవశరీరమునకును గడియారము గలదని నేనప్పుడే వింటిని.

ఇక మందుల కథ విచిత్రము. ఆ దినములలో ఇచ్చిన థియోఫిలిన్ మాత్ర ఊపిరినిచ్చి నిద్రను హరించెడిది. 1888లో కోసెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తేయాకునుండి వేరుచేసిన యా పదార్థము కాఫీలోని కెఫీనునకు దగ్గరి చుట్టము. పందొమ్మిదవ శతాబ్దమున హైడ్ సాల్టర్ అను ఆంగ్ల వైద్యుడు, స్వయముగా ఉబ్బసరోగి, గట్టి కాఫీని ఔషధముగా చెప్పియుండెను. మా యింటి బామ్మగారు, సాల్టరు పేరు వినకపోయినను, ఆయాసము హెచ్చినపుడెల్ల రెండు గుటకల డికాక్షను పట్టించెడివారు. ఊపిరి యాడుచున్నను కన్నుమూతపడని బిడ్డకు మాష్టారు కాశీమజిలీ కథలను రాత్రికొక మజిలీ చొప్పున చెప్పుచు, నడుమ నడుమ పెదవులు సున్నగాచుట్టి మెల్లమెల్లగా గాలి విడువుమనుచు, ఏబదియారు ఖానాల పాతవంతెనపై సాగిపోవు రైలుచప్పుడును విను మనుచు కూర్చుండువారు. భయము తగ్గినకొలది శ్వాస దీర్ఘమయ్యెను; ఏదో యొక మజిలీలో బిడ్డ తల నా కాన్వాసు గుడ్డపై వాలిపోవును. మందులెన్నియైనను ఉండనిమ్ము, ఆ గొంతుకు సాటి మాత్రము నేను చూడలేదు.

బిడ్డ పరుపు మాత్రము నాకు శత్రువే. అది బూరుగుదూదిది, పాతది, తేమనేల గోదావరిసీమలో అట్టి పరుపులు దుమ్ముపురుగులకు మహానగరములు. కంటికి కానరాని యా జీవులు మనుష్యుల చర్మపు పొట్టుతిని బ్రతుకును; ఇంటిదుమ్మున అనేకుల కుబ్బసము రేపునవి అవియేయని 1960ల దశకమున హాలండు పరిశోధకులు నిరూపించిరి. నా యొడిలో దూదిలేదు గనుక అతిథులును తక్కువే. నా గుడ్డనూడదీసి వేడినీట ఉతికి ఎండవేయుట తల్లికి ఆదివారపు విధియయ్యెను. ఈ విషయమున నాకు కొంత గర్వమున్నమాట నిజము.

సంధ్యవేళ సాంబ్రాణిపొగ, దోమల చక్రపుపొగ, వంటయింటి పొట్టుపొయ్యి, ఇవియన్నియు ఒక్కొక్కటిగా బిడ్డ పడుకొను గదికి దూరమై, దోమతెర వచ్చెను. భోగినాడు మాత్రము ఊరిమంటల నెవరాపగలరు? మంచు పొగను నేలకు అణచియుంచు ఆ తెల్లవారుజామున తలుపులు బిగించుకొని మా యిల్లు పండుగ చేసికొనెడిది. బంధువులు మృగశిరకార్తెకు హైదరాబాదు దూద్‌బౌలికి పోయి చేపమందు వేయింపుడని పోరిరి. పోయివచ్చిరి కూడ; శాకాహారులకు కొర్రమీనుకు బదులు బెల్లములో ఇత్తురట. ఆ మందు గుణమునకు శాస్త్రీయమైన ఋజువు లేదని వైద్యులందురు. మా బిడ్డ విషయమున పిల్లికూతలు శ్రావణమునకు మరల వచ్చెను.

రాత్రులు నిజముగా మారినది పీల్చుమందు వచ్చిన తరువాతనే. ఆయాసము రేగినపుడు తక్షణము నాళములను విప్పు సాల్బ్యుటమాల్ 1969లోనే లోకమునకు వచ్చెను. రోజు రోజు పీల్చి వాపునే అణచు బెక్లోమెథసోన్ 1972లో వచ్చెను. ఇన్నీసుపేట చేరుటకు మాత్రము చాల కాలము పట్టెను. "గొట్టంమందు అలవాటు పడితే ఇక మానలేరట" అని ఇరుగుపొరుగువారు బెదరించినను తల్లి లక్ష్యపెట్టలేదు. ఆయాసములేని నాడును మానక, పీల్చి నోరు పుక్కిలించి పడుకొనిన కొలది మాసములకు బిడ్డ మంచముపై వెల్లకిల నిద్రించెను. రాత్రినిద్ర నిత్యము వాడు మందులోనే సిద్ధమగునని ఆ యిల్లాలికి తెలిసినంతగా పండితులెందరికో తెలియదు. నేను మరల అరుగెక్కితిని.

పాఠకమహాశయా! మీ యింట ఉబ్బసపు బిడ్డ యున్నచో, పగలు ఆడుచున్నది గదా యని ఊరడిల్లకుడు. నెలకొక్క రాత్రియైనను దగ్గుతోనో పిల్లికూతలతోనో లేచుచున్నచో రోగము పూర్తిగా అదుపులో లేదని యెరిగి వైద్యునితో చెప్పుడు. మాట పూర్తిచేయలేని ఆయాసముగాని, నీలివారిన పెదవులుగాని కనబడినచో, నావంటి కుర్చీని నమ్ముకొనక తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపొండు.