బటాలా పోత, సికింద్రాబాద్ చక్

నేను లేత్ మిషన్‌ను. మేడిపల్లిలో కోరుట్ల తొవ్వ పక్కన, ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటాను. నా యాసలో సిరిసిల్ల వినబడితే ఆశ్చర్యపోకండి, నేను మాట నేర్చింది అక్కడే. పుట్టింది మాత్రం పంజాబ్‌లోని బటాలాలో.

"ఇది దేశీ మాలు" అని పెదవి విరిచేవాళ్లు నన్ను ఒక్కో భాగం చొప్పున చూడాలి. బెడ్డు బటాలా పోత. మూడు దవడల చక్ సికింద్రాబాద్ కవాడిగూడలోని ప్రాగా టూల్స్‌ది. మోటారు కోయంబత్తూరుది. టూల్ పోస్టులో బిగించే మిరండా బిట్టు గుజరాత్‌ది. నేను చేసిన పనిని కొలిచే మైక్రోమీటర్ జపాన్‌ది, అది దుబాయి మీదుగా వచ్చింది.

మా కులంలో కూడా పెద్దలు, చిన్నలు ఉన్నారు. ప్రాగా 1943లో పెట్టిన కంపెనీ. యుద్ధం వల్ల సీమ మిషన్లు దొరకని రోజులవి. పదేళ్ల తర్వాత, 1953లో, స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికాన్ సాయంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. మొదలైంది. హెచ్.ఎం.టి. లేత్ అంటే మాలో దొరబిడ్డ. బటాలా వాళ్లం కూలోళ్లం. మంచి కంపెనీలు బెడ్డు పోశాక దాన్ని కొన్నాళ్లు ఎండకూ వానకూ వదిలేస్తాయి, లేదంటే కొలిమిలో పెట్టి నిదానంగా చల్లారుస్తాయి. లోపలి బిగువు సడలాకే చివరి సానబట్టుడు. నన్ను పోసినవాళ్లకు అంత ఓపిక లేదు. వేడి ఆరీ ఆరకముందే లారీ ఎక్కించారు. ఇప్పటికీ నా నడుములో ఒక చిన్న వంకర ఉంది.

సిరిసిల్లలో ఆ వంకరను ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ నా పనంతా సాంచాలకే, అంటే మరమగ్గాలకే. క్రాంక్ షాఫ్టులు, టాపెట్ షాఫ్టులు, ఇత్తడి బుష్‌లు. సాంచా ఆగితే ఆసామికి నష్టం, నేతగాడికి కూలి ఉండదు. అందుకే సాంచాలు బాగుచేసే జాబర్ అరిగిన షాఫ్టు పట్టుకొచ్చి, అది తయారయ్యేదాకా నా పక్కనే బీడీ కాలుస్తూ నిలబడేవాడు. ఉక్కు స్కేలు, అవుట్‌సైడ్ కాలిపర్, కంటిచూపు, ఇవే కొలతలు. లెక్కంతా సూత్‌లలో, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులలో. సాంచా కూడా పెద్ద పట్టింపు లేని జీవి, బుష్ కాస్త వదులైనా టకటకా నడిచేది.

1991కి ముందు సంగతి ఇది. విదేశీ పనిముట్టు కావాలంటే లైసెన్సు ఉండాలి, దాని మీద సుంకం కట్టాలి. మాలాంటి షాపులకు అది అయ్యే పని కాదు. అప్పటి నా సేటు దగ్గర షెఫీల్డ్ ముద్ర ఉన్న పాత కాలిపర్ ఒకటి ఉండేది. దాన్ని వాడేవాడు కాడు. గుడ్డలో చుట్టి గల్లాపెట్టెలో దాచి, ఎవరైనా పెద్ద మనిషి వస్తే తీసి చూపించేవాడు. విదేశీ మాలు మీద భక్తి అంటే ఏమిటో నేను మొదట చూసింది అక్కడే. ఆ కాలిపర్ ఒక్కనాడూ ఒక్క షాఫ్టునూ కొలవలేదు.

సేటు షాపు ఎత్తేశాక నన్ను కొన్నది మేడిపల్లి మనిషి. ఐ.టి.ఐ.లో టర్నర్ చదివి, దుబాయిలో ఏళ్ల తరబడి వర్క్‌షాపులో పనిచేసి వచ్చినవాడు. ఈ జగిత్యాల, కోరుట్ల పక్కన గల్ఫ్ పోయినోళ్లు లేని ఇల్లు అరుదు. అందరూ సెంట్లు, కంబళ్లు తెస్తే ఈయన పెట్టెలో టాపుల సెట్టు, డ్రిల్ బిట్లు, సున్నా నుంచి 25 ఎం.ఎం. దాకా కొలిచే మిటుటోయో మైక్రోమీటర్ తెచ్చాడు. 1934లో జపాన్‌లో మొదలైన కొలత పనిముట్ల కంపెనీ అది.

ఆ మైక్రోమీటర్ నా పరువు తీసింది.

ఒక రైతు పంపు షాఫ్టు తెచ్చాడు. రెండు కొసల్లోనూ 6204 బేరింగు కూర్చోవాలి. ఆ బేరింగు రంధ్రం సరిగ్గా 20 ఎం.ఎం. షాఫ్టు దానికన్నా వెంట్రుకవాసి తక్కువైనా బేరింగు లోపలి చుట్టు జారి షాఫ్టునే తినేస్తుంది. సెంటర్ల మధ్య పెట్టి, టూలును కదపకుండా రెండు కొసలూ కోశారు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే చక్ వైపు 20.01, టెయిల్‌స్టాక్ వైపు 20.05. వేలికి తెలియదు, కంటికి కనబడదు. సిరిసిల్లలో అన్నేళ్లూ నేను ప్రతి షాఫ్టునూ ఇట్లాగే వంకరగా కోశానన్న మాట!

కొత్త యజమాని తిట్టలేదు. టెయిల్‌స్టాక్ మరలు వదులు చేసి, సెంటరును తన వైపు 0.02 ఎం.ఎం. జరిపాడు. తేడాలో సగం జరిపితే చాలు, టూలు ఒక్క పక్క నుంచే కోస్తుంది కాబట్టి వ్యాసంలో అది రెట్టింపు అవుతుంది. ఇంకో ముక్క కోసి, కొలిచి, మళ్లీ కాస్త జరిపాడు. సాయంత్రానికి నేను నిటారు అయ్యాను. జపాన్ మైక్రోమీటర్ నా జబ్బును పట్టుకున్నది, బాగుచేసింది మాత్రం ఒక స్పానర్. అది నాసిక్ టపారియా.

గల్ఫ్ పెట్టెలో ఉన్నవన్నీ ఇంత పనికొచ్చినవని అనుకోకండి. అందులో కార్బైడ్ చిట్కీలు, అవి బిగించే హోల్డరు కూడా ఉన్నాయి. దుబాయిలో ఆయన వాటితో వెన్నలా కోసేవాడట. ఇక్కడ మొదటి దెబ్బకే మూల పగిలింది. తప్పు చిట్కీది కాదు. కార్బైడ్‌కు వేగం కావాలి, వణకని మిషన్ కావాలి. నాకున్నది బెల్టు పుల్లీ, అరిగిన బెడ్డు. నా నిదానానికి సానరాయి మీద చేత్తో పదును పెట్టుకునే హై స్పీడ్ స్టీలు బిట్టే దిక్కు. మొద్దుబారితే మళ్లీ సాన పట్టొచ్చు. కార్బైడ్ చిట్కీ పగిలిందంటే, ఆ సైజు దానికోసం కోరుట్ల మొత్తం తిరగాల్సిందే.

2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద మిగిలిన పరిమాణ ఆంక్షలు కూడా ఎత్తేశారు. తర్వాత చైనా మాలు వరదలా వచ్చింది. షెడ్డు మూలనున్న చిన్న డ్రిల్లింగ్ మిషన్ అక్కడిదే, పెట్టిన పైసలకు న్యాయం చేస్తోంది. ఒక చక్ కూడా వచ్చింది, మెరిసే పెట్టెలో. పని బిగించి తిప్పితే దాని దవడలు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా పట్టాయి, కొంతకాలానికి ఒక దవడ మూల విరిగింది. దాని మీద పేరే లేదు, ఎవరిని అడుగుతాం? ప్రాగా చక్ దవడలు అరిగితే మా యజమాని లోపలే సానరాయి బిగించి వాటిని సరిచేశాడు. నా దృష్టిలో అసలు తేడా అదే. ఏ దేశంలో పుట్టిందన్నది తర్వాత చూద్దాం. పాడైతే మేడిపల్లిలో బాగవుతుందా, కనీసం బస్సెక్కిస్తే బాగయ్యే చోటుకు చేరుతుందా? మైక్రోమీటర్ ఒక్కదానికే ఈ నియమం నుంచి మినహాయింపు ఇస్తాను. అబద్ధం చెప్పే కొలత పనిముట్టు కారుచౌకగా వచ్చినా దండగే.

ఇంగ్లండ్‌లో పింఛనుదార్లు కొందరు ఇంటి వెనక గదిలో మైఫోర్డ్ లేత్ పెట్టుకుని బొమ్మ ఆవిరి ఇంజన్లు చేసుకుంటారట. ఇంట్లో లేత్ అంటే వాళ్లకు కాలక్షేపం. ఇక్కడ ట్రాక్టర్ కేజీవీల్స్ బుష్‌లు, పసుపు పాలిష్ డ్రమ్ము షాఫ్టులు, మోటారు పంపులు, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది.

మొన్నటి సంగతి. జపాన్ రకం వరి నాటు యంత్రం షాఫ్టు చివర 12 ఎం.ఎం. మర కోయాలి, పిచ్ 1.75. టూలును నడిపే నా లీడ్ స్క్రూ అంగుళాల కాలంది, అంగుళానికి నాలుగు చుట్లు. యజమాని కొడుకు పక్కన నిలబడి, "బాపూ, గీ ముసల్దానితోటి మిల్లీమీటర్ మర ఎట్లొస్తది? చైనా లేత్ తెచ్చుకుందాం, ఆన్‌లైన్ల ఉన్నది" అన్నాడు.

ఆయన జవాబు చెప్పకుండా గోడకు వేలాడే 127 పళ్ల గేరు తీశాడు. హైదరాబాద్ బాలానగర్‌లో కోయించిన గేరు అది. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టిన ఆ బాలానగర్‌లో చిన్న షాపులు కూడా గేర్లు బాగా కోస్తాయి. అంగుళం అంటే 25.4 ఎం.ఎం., దాన్ని అయిదుతో గుణిస్తే 127. స్పిండిల్ వైపు 35 పళ్లు, లీడ్ స్క్రూ మీద 127 పళ్లు పెడితే ఒక్క చుట్టుకు సరిగ్గా 1.75 ఎం.ఎం. నడుస్తాను. ఒకటే నిబంధన: మర అయ్యేదాకా లీడ్ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్ వదలొద్దు. ప్రతి కోతకూ టూలు వెనక్కి తీసి, మోటారు ఎదురు తిప్పి, అదే గాడిలో వెనక్కి రావాలి. వదిలితే మళ్లీ గాడి దొరకదు.

పోరగాడు ఫోను జేబులో పెట్టి స్విచ్చు దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఇయాల అయితదా?" అని రైతు గడప దగ్గర నుంచి అడిగాడు. "ఆగు తమ్మీ, ఇంకా నాలుగు కోతలున్నయ్" అన్నాడు మా యజమాని. పోరడు మోటారు తిప్పేశాడు, కాస్త తొందరపడి. నట్ ఎక్కుతుందో లేదో చూడాలి. చైనా లేత్ ధర మాత్రం ఇంకా వాడి ఫోనులో తెరిచే ఉంది.