లూ బూ జోలికి పోకండి, మళ్లీ!

సంతోషించండి. ఎదురుచూపులు ఫలించాయి. డైనాస్టీ వారియర్స్ వీడియో గేముల వరుసలో మనకిక ఏం పెట్టబోతున్నారో కోయీ టెక్మో వారు ప్రకటించేశారు. మూడో భాగం! అవును, 2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఆ మూడో భాగమే. ముఖం కడిగి, బొట్టు పెట్టి, ‘రీమాస్టర్’ అని పేరు మార్చారు. తొమ్మిది దాకా లెక్కపెట్టి మళ్లీ మూడు దగ్గరికి వచ్చినవాళ్లను నేను చూడలేదు. పాడిందే పాడే పాచిపళ్ల దాసరైనా పాట మధ్యలో ఒకసారి దగ్గుతాడు.

అసలు ఈ రోజుల్లో నిలకడ ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ దొరుకుతుంది. మొదటి అరగంటలో పసుపు తలపాగాల తిరుగుబాటుదార్లను చితగ్గొట్టాలి. తర్వాత హులావ్ ద్వారం దగ్గర నెత్తిన రెండు పొడవాటి ఈకలతో లూ బూ అనే యోధుడు వస్తాడు. అతని జోలికి పోవద్దని పక్కనున్నవాడు అరుస్తాడు. మనం పోతాం, చస్తాం. ఆపైన చిబీ యుద్ధం. గాలి మళ్లుతుంది, పడవలు అంటుకుంటాయి. 2001లో అంటుకున్నాయి, 2003లో అంటుకున్నాయి, 2005, 2011, 2013, 2018... ఇన్నిసార్లు కాలినా సేనాధిపతి త్సావ్ త్సావ్ మహాశయుడు పడవలను గొలుసులతో కట్టించడం మానడు. ఆయనకూ ఈ ఆట తయారుచేసే ఒమేగా ఫోర్స్ వారికీ అంత చక్కగా ఎలా కుదిరిందో!

చైనా చరిత్ర కదండీ, మార్చేస్తామా అంటారు అభిమానులు. ఏ చరిత్ర? వీళ్లు ఆధారం చేసుకున్నది పద్నాలుగో శతాబ్దంలో లువో గ్వాన్‌జోంగ్ పేరు మీద వచ్చిన నవల. చరిత్రలో లేని ద్యావ్ చాన్ అనే అందగత్తె కోసం లూ బూ ఏకంగా దత్తత తండ్రినే చంపే కథ అందులో ఉంది. అంత స్వేచ్ఛ ఆ నవలకు ఉంది. మన దగ్గర పాండవులను తెర మీదికి రానివ్వకుండానే 1957లో కె.వి.రెడ్డి మాయాబజార్ తీశారు. భారతం ఏమీ నొచ్చుకోలేదు.

కొత్తదనం అసలు ప్రయత్నించలేదని అంటే పాపం తగులుతుంది. 2018లో తొమ్మిదో భాగంతో ప్రయత్నించారు. ఓపెన్ వరల్డ్ అన్నారు, చైనా అంతా మీదే అన్నారు. చేతికి ఒక కొక్కెం తాడు ఇచ్చారు. ఈ తాడు గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎదురుగా కోట. బురుజుల మీద విలుకాళ్లు. తలుపులు బద్దలు కొట్టే యంత్రాలను మన సైన్యం తోసుకొస్తోంది. వాటిని కాపాడుకోవాలి, దారిలో శిబిరాలు పట్టుకోవాలి, ద్వారం తెరిపించాలి. వ్యూహమంటే ఇదీ అని మనం మీసం దువ్వుకుంటాం. ఈలోగా తాడు విసిరి, గోడెక్కి, అవతలికి దూకి, లోపలున్న సేనాధిపతిని నాలుగు బటన్లు నొక్కి పడగొట్టేయొచ్చు. యుద్ధం అయిపోయింది. బయట సైన్యం ఇంకా యంత్రం తోస్తూనే ఉంటుంది పాపం.

మరి గోడ ఎందుకు కట్టినట్టు? యంత్రాలెందుకు? శిబిరాలెందుకు? ఈ కథలోని జూగె ల్యాంగ్ అంతటి మేధావి ఉత్తరాది మీదికి దండయాత్ర మీద దండయాత్ర చేసి, చివరికి 234లో పాళెంలోనే కన్నుమూశాడు. ఎవరో ఒకరు ఆయన చేతికి ఈ తాడు ఇచ్చి ఉంటే, పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా శత్రు రాజధాని లువోయాంగ్‌లో భోంచేసేవాడు.

యుద్ధాలు ఇంత తొందరగా ముగిస్తే మిగతా సమయం ఎలా గడవాలి? అదీ ఆలోచించారు. చేపలు పట్టుకోవచ్చు. ఇల్లు కొని కుర్చీలు, బల్లలు సర్దుకోవచ్చు. రాజ్యం మూడు ముక్కలై జనం చస్తుంటే మన సేనాని గాలం వేసుకుని కూర్చుంటాడు. ఆడినవాళ్లు తిట్టిపోశారు. తాడు తప్పని తయారుచేసినవాళ్లకు అర్థమైతే బాగుండేది. కొత్తదనమే తప్పని అర్థమైనట్టుంది.

ఎంపైర్స్ అనీ ఎక్స్‌ట్రీమ్ లెజెండ్స్ అనీ ఒకే ఆటను మళ్లీ మళ్లీ అమ్మడం గురించి ఏమీ అనను. ఆ విద్యలో మాత్రం ఏటికేడు ఎదిగారు.

ఇక నవ్వడం నావల్ల కాదు. 2025 జనవరిలో ఇదే వరుసలో ఆరిజిన్స్ వచ్చింది. అందులో శత్రు సైనికుడు నిజంగానే ఈటె ఎత్తాడు. వేలమంది ఒక్క పెట్టున మీదికొస్తే గుండె ఝల్లుమంది. దెబ్బ కాచుకోవాలి, అదను చూసి తిప్పికొట్టాలి, మనవాళ్లు ఎటు కూలుతున్నారో కనిపెట్టి అటు పరిగెత్తాలి. అంటే వీళ్లకు చేతనవును! చేతకాక చేయడం లేదనుకుని ఇన్నేళ్లూ ఊరుకున్నాను. పాత భాగాల్లో వెయ్యిమందిని నరికావు శభాష్ అని తెర మీద అంకె వెలిగేది. ఆ వెయ్యిమందీ చేతులు వేలాడేసుకుని, తమ వంతు కోసం నిలబడి చచ్చినవాళ్లే. కొత్త కన్సోల్ వచ్చినప్పుడల్లా పెరిగిన బలాన్ని ఇలా నిలబడేవాళ్లను పెంచడానికే ఖర్చుపెట్టి, మా దగ్గర పూర్తి ధర వసూలు చేశారు. ఇది బద్ధకం కూడా కాదు, కొనేవాడంటే లెక్కలేనితనం.

ఆ ఆరిజిన్స్ అయినా కథ చివరిదాకా చెప్పిందా? చిబీ దగ్గర ఆగిపోయింది. అందులో నాయకుడికి గతం గుర్తులేదు. కొనేవాళ్లు కూడా అలాగే ఉంటే వీళ్లకు ఎంత హాయి! చిబీ తర్వాత గ్వాన్ యూ చావు ఉంది, దానికి లియూ బే పగ ఉంది, యీలింగ్‌లో అతని ఓటమి ఉంది. కొత్తగా నేర్చిన పోరాటంతో అవన్నీ చూపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టేవాణ్ని. ఆ ఆటకు అదనపు భాగంగా డీఎల్‌సీ అమ్ముతున్నారంటే ఆశపడి చూశాను. నలుగురు వీరుల కథలట. జాంగ్ జ్యావ్, దోంగ్ జువో, యువాన్ షావ్, లూ బూ. నలుగురూ చిబీకి ముందే చచ్చినవాళ్లు.