అలుకపాన్పుపై ఐకమత్యము

అమెరికా దేశమున ఒకే పార్టీలోని వారు టికెట్టు కొఱకు ఊరూర తిరిగి, ఓటర్ల యెదుటనే నెలల తరబడి ఒకరినొకరు దూషించుకొని, పిమ్మట ఒక్క వేదిక నెక్కి చేతులు కలుపుకొందురు. ఈ తతంగమునకు వారు పెట్టుకొన్న పేరు ప్రైమరీ. 2008లో ఒబామాతో కడదాక పోరాడి ఓడిన హిల్లరీ క్లింటన్ గారు డెన్వరు మహాసభలో తామే లేచి, ఇక లెక్కింపు చాలించి ఆయననే అభ్యర్థిగా ఏకగ్రీవముగా ప్రకటింపుడని కోరిరి. మనకంతటి ప్రయాస లేదు. 2023 ఆగస్టులో మన తెలంగాణ కాంగ్రెసువారు ఆశావహుల నుండి తలకు 50 వేల రూపాయలు, దళిత గిరిజనుల నుండి అందులో సగము రుసుముగా గైకొని దరఖాస్తులు స్వీకరింపగా, 119 స్థానములకు వెయ్యికి పైగా వచ్చి పడినవి. అనగా ప్రతి ఎనమండ్రలో ఏడుగురు, రుసుము చెల్లించిన మీదట, ఐకమత్యమునకు కట్టుబడవలసినవారైరి.

ఐకమత్యమును చెవిని బెట్టనిచో ఏమగునో సిరిసిల్లవారికి బాగుగ తెలియును. 2009లో తెలంగాణ రాష్ట్ర సమితి టికెట్టు తమదేయని నమ్మియున్న కె.కె. మహేందర్ రెడ్డి గారిని కాదని, అధినేత కుమారులైన కె. తారక రామారావు గారి చేతికి బీ-ఫారం అందెను. మహేందర్ రెడ్డి గారు స్వతంత్రులుగా నిలిచిరి. తారక రామారావు గారు 171 ఓట్లతో గట్టెక్కిరి. ఒక అసమ్మతి నాయకుని అలుక బరువెంతో ఇంత నిక్కచ్చిగా తూచి చూపిన నియోజకవర్గము నాకు మఱియొకటి కనబడదు. మరుసటి యేడు ఉప ఎన్నికలో అదే మహేందర్ రెడ్డి గారు కాంగ్రెసు కండువాతో రాగా, ఎదుటివారి ఆధిక్యము 68 వేలు దాటినది. ఉద్యమపు గాలియు అందుకు కారణమే, కాదనను. అయినను సొంత ఇంటిలో అలిగినవానికున్న పదును పొరుగింటికి పోయినవానికి ఉండదేమోయని నా అనుమానము. కోరుట్లలో ఈ బాధలేవియు లేవు. శాసనసభ్యులు విద్యాసాగర్ రావు గారి స్థానము 2023లో వారి కుమారులైన డాక్టర్ సంజయ్ గారికి సంక్రమించినది. ఐకమత్యము గడప దాటవలసిన పనియే లేకపోయినది.

జగిత్యాల కథ వీటన్నిటికంటె సూక్ష్మము. ఎన్.టి.ఆర్. ప్రభంజనమున 1983లో తొలిసారి శాసనసభకు వెళ్లి, తరువాత కాంగ్రెసున స్థిరపడిన టి. జీవన్ రెడ్డి గారు, 2014లో గెలిచి, 2018లోను 2023లోను గులాబీ పార్టీవారైన డాక్టర్ ఎం. సంజయ్ కుమార్ గారి చేతిలోనే ఓడిరి. రాష్ట్రమంతట కాంగ్రెసు గెలిచిన యేట జగిత్యాలలో ఓడుట చేత, అధికారమున్న పార్టీకి శాసనసభ్యుడు లేడు, శాసనసభ్యుడున్న పార్టీకి అధికారము లేదు. సంజయ్ కుమార్ గారు కంటి వైద్యులు. ఈ దోషమెచటనున్నదో వారికి ఒకరు చూపవలెనా? 2024 జూన్ 23 రాత్రి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు మూడు రంగుల కండువా కప్పి చికిత్స ముగించిరి. ఆరు నెలల క్రిందట సాధారణ ఎన్నిక యనుకొని వరుసలలో నిలిచి తాము వేసినది కాంగ్రెసు ప్రైమరీ ఓటేయని జగిత్యాల ఓటర్లకు ఆ రాత్రి తెలిసినది.

నిజామాబాదు లోక్‌సభ స్థానమున ఓడి నెల తిరుగకమునుపే ఈ వార్త చెవిని బడిన జీవన్ రెడ్డి గారు, మిగిలిన ఎమ్మెల్సీ పదవికిని రాజీనామా చేసెదనని కూర్చుండిరి. మంత్రులు ఇంటికి పరుగెత్తిరి, ఉపముఖ్యమంత్రియు బుజ్జగించిరి, ఢిల్లీ నుండి పిలుపు వచ్చినది, పెద్దాయన శాంతించిరి. మన పెండ్లిండ్లలో అలుకపాన్పు నెక్కువాడు పెండ్లికొడుకు. ఇచట పెండ్లి వేఱొకరికి జరుగగా, నలువది యేండ్లుగా పందిరి వేసినవాడు అలిగినాడు. అత్తవారు వచ్చి అతనికి ఉంగరము తొడుగలేదు సరికదా, వచ్చినవారికి విస్తళ్లు వేయుమని చెప్పి వెడలిపోయిరి.

ఈ ఐకమత్యమున ఒక విశేష మున్నది. దానిని ఎల్లప్పుడు ఓడినవాని యొద్దనే అడుగుదురు, గెలిచినవానిని అడిగినవారు లేరు. నాయకునికైనను ఢిల్లీ పిలుపు దక్కినది. మండుటెండలో ఇంటింటికి తిరిగి డాక్టరు గారిని ఓడింపుడని వేడుకొన్న గ్రామ కార్యకర్త ఇంటికి ఏ మంత్రి వచ్చును? అతడు మొన్నటి దాక ఎవరిపై నినాదములిచ్చెనో వారికే స్వాగత తోరణము కట్టవలెను. కండువా విషయమున అతనికి చిక్కు లేదు. సిరిసిల్ల మరమగ్గములు ఎన్నికల వేళ గులాబీ, కాషాయ, త్రివర్ణములను పక్షపాతము లేక నేసి యిచ్చును. చిక్కంతయు ఫ్లెక్సీతోనే. ఇద్దరి బొమ్మలలో ఎవరిది పెద్దది, ఎవరిది కుడివైపు, ఎవరి పేరు ముందు? ఈ ధర్మసందేహమును అతడు ఫ్లెక్సీల దుకాణమువానితో మొఱపెట్టుకొన్నచో, ఆ లోకజ్ఞుడు నవ్వి, "అన్నా, రెండు వేర్వేరుగ కొట్టియ్య? పైసలు మాత్రం రెండింటియి ఇప్పుడే ఇయ్యాలె" అనును.