బకెట్ లేని ప్లాను

మా బాత్రూము పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగున్నర. ఆ కాస్త జాగాకి నేను మూడు నెలలు ప్లాను గీశాను. గ్రాఫ్ కాగితాలు కొన్నాను. మా అబ్బాయి చిన్నప్పటి జామెట్రీ బాక్సు అటక మీంచి దింపాను. రాత్రి భోజనాలయ్యాక అవన్నీ టేబుల్ మీద పరుచుకుని, రాజధాని కట్టించబోయేవాడిలా కూచునేవాణ్ణి. మా ఆవిడ గిన్నెలు తీసుకెళ్తూ ఓ చూపు చూసి వెళ్ళిపోయేది. నేను ఏమీ అడగలేదు, ఆవిడ ఏమీ చెప్పలేదు.

మాది హైదరాబాదులో 1998లో కట్టిన అపార్ట్‌మెంటు, అందులో పై అంతస్తు. బాత్రూమును బాగుచేయించక తప్పని పరిస్థితే. టైల్స్ సందుల్లో సిమెంటు రాలిపోయి, కింది ఫ్లాటువారి సీలింగుకి చెమ్మ దిగింది. కానీ నా మనసులో ఉన్నది మరమ్మతు కాదు. అంతకు ముందు ఏడాది ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్ళి ఓ హోటల్లో రెండు రాత్రులున్నాను. నల్లటి గోడలు, నెత్తిమీద పళ్ళెమంత షవరు, విప్పితే వానే. ఫొటోలు తీసుకుని తెచ్చుకున్నాను. నా గ్రాఫ్ కాగితం మీద గీసిందల్లా ఆ ఫొటోలే. హోటల్లో ఎవరూ బట్టలు నానబెట్టరనీ, తలంటు పోసుకోరనీ, పనమ్మాయి తడిగుడ్డ పిండుకోడానికి నీళ్ళు పట్టుకోదనీ నాకు తట్టలేదు.

ప్లంబరు పెద్దాయన. పాత పైపులు తీసేసి, వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ గోడలో కొత్తగా సీపీవీసీ పైపులు వేస్తూ, చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకుంటూ వెనక్కి తిరిగి అడిగాడు.

"సార్, బకెట్ కుళాయి ఎక్కడ ఇమ్మంటారు?"

"అక్కర్లేదు" అన్నాను.

"అంటే... షవరు కింద స్పౌటు పెడతారా?"

"అదీ వద్దు. ఒక్క షవరే."

ఆయన చాక్‌పీసు చెవిమీద పెట్టుకుని కాసేపు గోడ వంక చూశాడు. "ఒక పాయింటు ఇచ్చి ఎండ్ ప్లగ్ కొట్టేస్తాను సార్, ఎప్పుడైనా..." అని నసిగాడు. ఆ గోడకి నేను ఎంచుకున్న టైల్సులో తెల్లటి గీత ఒకటి అడ్డంగా సాగుతుంది. కుళాయి వస్తే ఆ గీత తెగుతుంది. అదీ నా బాధ. "ఈ రోజుల్లో బకెట్ ఎవరు వాడతారు బాబాయ్" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు బాల్కనీలో మా ఇంటి బకెట్లు మూడు, ఒకదాంట్లో ఒకటి బోర్లించి ఉన్నాయి. పని జరుగుతోందని నేనే అక్కడ పెట్టాను.

టైల్స్ మేస్త్రీతోనూ ఇదే వరస. నేలకి అడుగు బై అడుగువి వేస్తే నాలుగు వైపుల నుంచీ జాలీ దగ్గరికి వాటం వస్తుందన్నాడు. నాకు సందులు కనపడకూడదు, నాలుగడుగుల బై రెండడుగులవి కావాలన్నాను. "పెద్ద పలక వంగదు సార్" అన్నాడతను. వంగేది పలక కాదు, నువ్వు అనుకున్నాను మనసులో.

ఒక్క పని మాత్రం సవ్యంగా జరిగింది. వాటర్ ప్రూఫింగ్ అయ్యాక జాలీ మూసేసి, నేలమీద నీళ్ళు నిలబెట్టి ఒక రోజంతా చూశాం. అది నా ఘనత కాదు. కింది ఫ్లాటాయన తన బాత్రూములో కుర్చీ వేసుకుని సీలింగు కేసి చూస్తూ కూచున్నాడు.

అంతా పూర్తయిన రోజు మొదటి స్నానం నాదే. షవరు విప్పాను. వాన పడలేదు. వాన వెలిశాక చూరు నుంచి కారుతుందే, అలా నాలుగు ధారలు అంచుల వెంట దిగాయి. మధ్యలో బోడి. ప్లంబరుకి ఫోన్ చేస్తే, పైన ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో చూడమన్నాడు. చూశాను. ట్యాంకు అడుగుకీ షవరుకీ మధ్య ఎనిమిది అడుగులైనా లేదు. నీళ్ళు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బారు ప్రెషరు. నా షవరు పెట్టె మీద కనీసం ఒక బారు ఉండాలని రాసే ఉంది, చిన్న అక్షరాల్లో. నాకు దక్కేది అందులో పావు వంతు. హోటల్లో దీనికోసం మోటారు పెడతారు. నా ఫొటోల్లో మోటారు పడలేదు.

సరే, బకెట్ పట్టుకుని పోసుకుందామంటే కుళాయేదీ? షవరు కింద బకెట్ పెడితే నీళ్ళు చుట్టూ పడ్డాయి గానీ లోపల పడలేదు. చివరికి కమోడు పక్కనున్న హెల్త్ ఫాసెట్ బకెట్లోకి వంచి, మీట నొక్కిపట్టి కూచున్నాను. ఇరవై లీటర్ల బకెట్ నిండేసరికి బొటనవేలు తిమ్మిరెక్కింది. పైగా అవి చన్నీళ్ళు.

నెల తిరక్కుండా మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నా ఏర్పాటు వివరించి చెప్పాను. ఆవిడ ఆ ఫాసెట్ వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"ఒరేయ్, అది దేనికిరా వాడేది? దాంతో పట్టిన నీళ్ళు నెత్తిన పోసుకుని దేవుడి దగ్గర దీపం పెట్టమంటావా?"

జవాబు లేదు నా దగ్గర. అమ్మ ఉన్న పదిహేను రోజులూ గోడమీద పాతిక లీటర్ల గీజరు ఎర్రదీపంతో మెరుస్తూనే ఉంది. మా ఆవిడ వంటింట్లో స్టవ్ మీద నీళ్ళు కాచి, గుడ్డతో గిన్నె చెవులు పట్టుకుని హాలు దాటించి తీసుకెళ్ళింది. ఆ నల్లటి నేలమీద వాటం చాలక గుమ్మం మూల నీళ్ళు నిలిచేవి. అమ్మ అడుగు పెట్టినప్పుడల్లా నా గుండె జారేది. మాది బోరు నీళ్ళు, ఉప్పు నీళ్ళు. ఆరిన ప్రతి చుక్కా నల్ల టైలు మీద తెల్లటి ముగ్గు. మేము స్నానం చేసేది పావుగంట, వైపరుతో నేల తోసేది పది నిమిషాలు.

అమ్మ వెళ్ళేటప్పుడు కోడలితో అన్న మాట నాకు వినిపించింది. "వాడు చిన్నప్పటి నుంచీ బొమ్మలు బాగా వేసేవాడమ్మా."

ఆ మర్నాడే ప్లంబరుని పిలిచాను. ఆయన నవ్వలేదు. అందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. నేను తెల్లటి గీత ఉన్న వరసలో రెండు టైల్స్ చూపించాను. ఉలి పెట్టి కొట్టాడు. కొత్తవి వేద్దామంటే మిగిలిన పెట్టె లేదు. షాపులో వెనక్కిచ్చి 1,100 రూపాయలు తెచ్చుకుని, ఇంట్లో దుబారా జరగనివ్వనని గొప్పలు కూడా చెప్పుకున్నాను. అదే రకం మళ్ళీ కొంటే వేరే బ్యాచ్‌ది, రంగు బూడిద వైపు తిరిగింది. ఇప్పుడు నల్ల గోడమీద ఆ రెండూ చొక్కాకి వేసిన మాసికలా ఉంటాయి.

కుళాయి 640 రూపాయలు. బకెట్ నిమిషంన్నరలో నిండుతోంది. పెద్ద షవరు తీయించలేదు. దాని పైపు మంచి స్టీలు, గోడలోకి గట్టిగా బిగించాడు పెద్దాయన. ఈ వానాకాలమంతా మా ఆవిడ దానికే తడి తువ్వాళ్ళు ఆరేసింది.