చార్జీలు సున్నా, చాకిరీ మీదే

చిన్న వ్యాపారికి ఈ దేశంలో యూపీఐని మించిన వరం లేదని బ్యాంకులవారూ, యాప్‌లవారూ, వేదికల మీద మైకు దొరికినవారూ ఏకకంఠంతో చెబుతుంటారు. డబ్బు రెప్పపాటులో పడుతుందట, చార్జీ సున్నా అట. ఈ సున్నా పుట్టింది 2020 జనవరి 1న. యూపీఐ చెల్లింపు మీద దుకాణదారు నుంచి ఎండీఆర్ అనే రుసుము వసూలు చెయ్యరాదని ఆ రోజు నుంచి సర్కారు హుకుం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన లెక్కన ఖర్చు బ్యాంకులది, పేరు సర్కారుది. బ్యాంకులు గొణక్కుండా ప్రోత్సాహకం ఒకటి విదిలిస్తున్నారు. 2024-25కి దాదాపు 1,500 కోట్లు కేటాయించారు. చిన్న వ్యాపారికి పడే 2,000 రూపాయల లోపు చెల్లింపు మీద నూటికి 15 పైసలు. అంటే 40 రూపాయల దోసె మీద 6 పైసలు. అది బ్యాంకులూ యాప్‌లవాళ్లూ పంచుకుంటారు. దోసె పోసినావిడకు మాత్రం ప్రోత్సాహం అక్కర్లేదు, ఉచితమే చాలు.

ఆ ఉచితం రుచి చూడాలంటే పొద్దున్న ఎనిమిదింటికి ఏ టిఫిన్ బండి దగ్గరైనా నిలబడండి. బండి అద్దానికి మూడు కంపెనీల స్కానర్లు అంటించి ఉంటాయి. పనిచేసేది ఒకటే, అది ఏదో ఆవిడకే తెలుసు. పక్కనే డబ్బు పడితే అరిచి చెప్పే సౌండ్‌బాక్సు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో చట్నీ గిన్నె. "అక్కా, కొట్టేశా" అంటూ ఓ కుర్రాడు ఫోను ఆవిడ మొహం ముందు ఆడించి, ఆవిడ కళ్లు తిప్పేలోగా జేబులో పెట్టేస్తాడు.

"బాక్సు అరవలేదు బాబూ."

"సర్వర్ బిజీ అక్కా. పడతాయిలే."

ఖాతాకు ముడిపెట్టిన నంబరేమో కూకట్‌పల్లి హాస్టల్లో ఉన్న కొడుకు దగ్గరుంది. పెనం మీద అట్టు మాడుతుండగా ఆవిడ వాడికి ఫోన్ చెయ్యాలి. "ఒరేయ్, నలభై పడ్డాయేమో చూడు." వాడు నిద్ర మొహంతో చూసి, పడలేదమ్మా అనేసరికి కుర్రాడు బస్సెక్కేశాడు. వెనకటికి అరువు కావాలంటే "రేపిస్తానక్కా" అని కాస్త నసగాల్సి వచ్చేది. ఇప్పుడు నేరం సర్వరు మీదికి తోసేస్తే ఆ నసుగుడు కూడా ఆదా. 2025 మార్చి 26న ఒకసారి, ఏప్రిల్ 12న మరోసారి యూపీఐ దేశమంతటా మొరాయించినప్పుడైతే నిజంగా పంపినవాడూ, పంపినట్టు నటించినవాడూ ఒకే మొహం పెట్టుకుని నిలబడ్డారు.

పచ్చ టిక్కు చూపించడం తప్ప ఇంకేమీ చెయ్యని దొంగ యాప్‌లు వచ్చాక బాక్సు లేకుండా బండి నడవదు. దానికి నెలకు వంద రూపాయలు అటూ ఇటూగా అద్దె. పడ్డ డబ్బుల్లోంచే కోసుకుంటారు. చార్జీ మాత్రం సున్నాయే సుమండీ.

ఇవన్నీ చిల్లర కష్టాలు. అసలు ముచ్చట ఇంకోటుంది. ఏ గుజరాత్‌లోనో ఒకాయన సైబర్ మోసగాడి చేతిలో లక్షలు పోగొట్టుకుని సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. చెయ్యాల్సిందే. ఆ డబ్బు ఏ ఖాతాలోంచి ఏ ఖాతాలోకి పాకిందో తవ్వుకుంటూ పోతారు. పోవాల్సిందే. ఆ వరసలో నాలుగో మనిషో అయిదో మనిషో ఎప్పుడో మన బండి దగ్గర రెండు ప్లేట్లు ఇడ్లీ తిని 60 రూపాయలు కొట్టి ఉంటాడు. అంతే, ఆవిడ ఖాతా ఫ్రీజ్. ఆ 60 కాదు, ఖాతా మొత్తం. పప్పులవాడికి ఇవ్వాల్సింది, గ్యాసు బండకు దాచుకున్నది, కొడుకు ఫీజు అన్నీ అందులోనే. మేనేజరుగారు "మా చేతుల్లో లేదమ్మా" అని ఫిర్యాదు నంబరూ, ఆవిడ జన్మలో పేరు వినని ఊళ్లోని సైబర్ స్టేషన్ మెయిల్ ఐడీ చీటీ మీద రాసిస్తారు. నేను మోసగత్తెను కాను, నా ఇడ్లీ తిన్నవాడి సంగతి నాకు తెలియదు అని ఈవిడ గుజరాతీలో రాయాలా, ఇంగ్లీషులోనా? పూర్వం దొంగనోటిచ్చి తినిపోతే ఆ నోటు ఒక్కటే పోయేది. గల్లాపెట్టెకు ఎవరూ సీలు వెయ్యలేదు. వివాదంలో ఉన్న సొమ్ము వరకే ఆపండి అని కేరళ హైకోర్టు 2023లోనే చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసుకుని బ్యాంకుకు వెళ్లేటంత తీరిక అట్లు పోసేవాళ్లకు ఎక్కడిది?

డబ్బు సవ్యంగా పడ్డా సుఖం లేదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నులవారు యూపీఐ లెక్కలు తెప్పించుకుని, ఏడాదికి 40 లక్షలు దాటిన చిన్న వ్యాపారులకు నోటీసులు పంపారు. హావేరిలో కూరగాయలమ్ముకునే ఆయన ఖాతాలో నాలుగేళ్లలో 1.63 కోట్లు తిరిగాయి కాబట్టి 29 లక్షలు కట్టమన్నారు. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదన్న సంగతి నోటీసు పంపినవారికి తట్టలేదు. బావమరిది పంపిన చేబదులూ, చీటీ పాడిన డబ్బూ కూడా ఖాతాలో పడితే అమ్మకమే. బెంగళూరు కొట్లలో స్కానర్లు రాత్రికి రాత్రి మాయమై "నో యూపీఐ, క్యాష్ ఓన్లీ" అట్టముక్కలు వేలాడాక గానీ సర్కారు మెత్తబడి, పాత బకాయిలు అడగబోమని చెప్పలేదు. నగదు పుచ్చుకునేవాడు పన్నుదొంగ అని ఇన్నాళ్లూ పాఠం చెప్పారు. పాఠం విని స్కానర్ పెట్టినవాడికే నోటీసు వెళ్లింది. పెట్టనివాడు హాయిగా నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

స్కానర్ పీకేయొచ్చుగా అంటారా? పీకేస్తే బేరం పక్క బండికి పోతుంది. జేబులో పది రూపాయల నోటు పెట్టుకుని తిరిగేవాళ్లు ఎందరున్నారిప్పుడు? చిల్లర లేదని చాక్లెట్ అంటగట్టే పాత హక్కు కూడా ఈ గొడవలో పోయింది.

కంపెనీలవారికి ఒక్క విన్నపం. మీ బాక్సు వచ్చినవే అరుస్తుంది, పోయినవి అరవదు. పది రూపాయల టీకి వీధి మొత్తం వినేలా కూసేది, కోత పడినప్పుడు నోరు మెదపదు. ఆ తియ్యటి గొంతుతోనే ఇవి కూడా చెప్పించండి: "బాక్సు అద్దె వంద రూపాయలు మినహాయించబడినవి. మీ ఖాతా స్తంభింపజేయబడినది. ఇరవై తొమ్మిది లక్షల రూపాయల నోటీసు అందినది. ధన్యవాదములు."