వికీ వలస: మూలము, టీక, తాత్పర్యము

అవతారిక

తిరుపతి జిల్లాలో, తమిళనాడు పొలిమేర మీద, శ్రీ సిటీ అనే పారిశ్రామిక పట్టణం కలదు. పగటిపూట అక్కడ కార్లు, చాక్లెట్లు, ఏసీలు పుడుతుంటాయి. 2015లో షావోమీ కంపెనీ మన దేశంలో తన మొదటి ఫోను కూర్పించుకున్నది ఇక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలోనే. 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ కూడా ఈ ఊళ్ళోనే ఉంది గనుక, రాత్రిపూట ఫోన్లలోనూ ల్యాప్‌టాపుల్లోనూ ఆటలాడే కుర్రకారుకు కొదవ లేదు. అట్టి ఒకానొక కుర్రవాడు అర్ధరాత్రి దాటాక తన రూమ్మేటుకు పంపిన వాట్సాప్ సందేశమే ఈ మూలం. కవి నామధేయం గోప్యం. ఛందస్సు నిద్రలేమి.

మూలము

రేయ్ మామా, పాత వికీ చూడొద్దురా.
రాసేవోళ్ళంతా కొత్తదానికి పొయినారు.
లింకు పెట్నా, సేవ్ చేసుకో.
గూగుల్‌ని నమ్మొద్దు.

ప్రతిపదార్థము

రేయ్ మామా = ఓ మిత్రుడా (చుట్టరికం ఏమీ లేదు; ఒకే గది, ఒకే వైఫై); పాత వికీ = ఫ్యాండమ్ అనే కంపెనీ గూటిలో ఉన్న మైన్‌క్రాఫ్ట్ అనే ఆట వికీని; చూడొద్దురా = తెరవకుము; రాసేవోళ్ళంతా = జీతం బత్తెం లేకుండా పుటలు దిద్దే ఆటగాళ్ళందరూ; కొత్తదానికి = మైన్‌క్రాఫ్ట్ డాట్ వికీ అనే సొంత చిరునామాకు; పొయినారు = 2023 సెప్టెంబరులో తరలిరి; లింకు పెట్నా = దారి చూపితిని; సేవ్ చేసుకో = బుక్‌మార్కులో భద్రపరచుకొనుము; గూగుల్‌ని నమ్మొద్దు = వెతికినప్పుడు పైన కనబడిందే ప్రమాణమని భ్రమపడకుము.

పాఠాంతరము: గుంటూరు నుంచి వచ్చిన రూమ్మేటు ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపుతూ ‘వెళ్ళిపోయారు’ అని దిద్దినాడు. అది ప్రక్షిప్తం. శ్రీ సిటీ పాఠమే గ్రాహ్యం.

తాత్పర్యము

ఆట గురించి ఆటగాళ్ళే రాసుకున్న పుస్తకం ఒక కంపెనీ సర్వర్లో ఉండేది. ప్రకటనల పోరు పడలేక రాసినవాళ్ళు రాతంతా నకలు తీసుకుని వేరొక చోట కాపురం పెట్టారు. పాత పుస్తకం మాత్రం పాత చోటనే మిగిలింది. వంటమాస్టరు గరిటెతో సహా పక్క వీధికి మారినా, మెస్సు బోర్డు చూసి జనం పాత గుమ్మంలోకే పోతున్నారని భావం.

విశేషములు

ఒకటి. ‘పోతే ఏమి, పాతదీ పుస్తకమే కదా’ అనరాదు. మైన్‌క్రాఫ్టులో వజ్రాలు ఏ మట్టంలో దొరుకుతాయన్న ప్రశ్నకు చాలా ఏళ్ళు జవాబు 11. 2021 నవంబరు చివర 1.18 కూర్పు వచ్చింది. ఆ లోకం అడుగు సున్నా నుంచి మైనస్ 64కు దిగిపోయింది. వజ్రాలూ దాంతోపాటే దిగాయి. ఇప్పుడు తవ్వవలసింది మైనస్ 59 దగ్గర. ఆ ఒక్క అంకె దిద్దడం వెనుక ఎందరో ఆడి, తవ్వి, లెక్కపెట్టిన శ్రమ ఉంది. రేపు ఇలాంటి మార్పే మళ్ళీ వస్తే, దిద్దేవాళ్ళు లేని పుటలో అంకె ఎక్కడిది అక్కడే ఆగిపోతుంది. చదివినవాడు తెల్లవార్లూ రాళ్ళు కొడతాడు.

రెండు. మెతుకుసీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేని మాట రాయనని ముందే ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. తెలుగు వికీపీడియాలో ఊరికే ఏదో రాసిపోతే ‘ఆధారం చూపాలి’ అని తగిలించే చీటీ ఆ ఒట్టుకు వారసురాలే. తేడా ఒక్కటే. మల్లినాథుడి తాళపత్రాల మధ్య పళ్ళపొడి ప్రకటన ఎవరూ దోపలేదు.

మూడు. వలస వెళ్ళినంత మాత్రాన మోక్షం రాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటవాళ్ళ కథ వినండి. 2004లో వాళ్ళ వికీ పుట్టింది. 2007లో వికియా పంచన చేరింది. నేటి ఫ్యాండమ్‌కు నాటి పేరు అదే. 2010లో పుటల రూపం మార్చారని అలిగి, కర్స్ అనే మరో కంపెనీ దగ్గరికి పోయి, వావ్‌పీడియా అని పేరు పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ళు సుఖంగా గడిచాయి. 2018 డిసెంబరులో ఫ్యాండమ్ వారు కర్స్ చేతిలోని వికీలన్నిటినీ గుండుగుత్తగా కొనేశారు. ఎవరి ఇంట్లోంచి లేచిపోయారో ఆ యజమానే కొత్త ఇంటినీ కొన్నాడన్నమాట. 2023 అక్టోబరులో మళ్ళీ మూట కట్టి వికీ డాట్ జీజీ అనే మరో వికీల గూటికి చేరారు. మూడో కాపురం బాగానే ఉంది గానీ, చిరునామా తోక మటుకు ఇప్పటికీ ఇంటివాడిదే.

పూర్వపక్షములు, సమాధానములు

‘తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, అక్కడే రాసుకోరాదా?’ రాదు. అది విజ్ఞాన సర్వస్వం. ఆట ఎప్పుడు వచ్చింది, ఎవరు చేశారు అన్నంతవరకే దానికి పని. ఏ గుహలో ఏ రాక్షసుణ్ణి ఎటు నుంచి కొట్టాలో అక్కడ రాస్తే నిర్వాహకులు సవినయంగా తుడిచేస్తారు. ఇంగ్లీషు వికీబుక్స్‌లో కూడా 2006లో ఆటల గైడ్లను బయటికి సాగనంపారు.

‘వాట్సాప్ గ్రూపు చాలదా?’ చాలదు. అందులో నిన్నటి జవాబు ఇవాళ్టి గుడ్ మార్నింగుల కింద సమాధి.

‘వికీలు నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరు ఉచితమే కదా, సొంత సర్వరు మీద పెడితే?’ పెట్టవచ్చు. ఎల్డర్ స్క్రోల్స్ ఆటల వాళ్ళు 1995 నుంచీ తమ సైటును స్వతంత్రంగానే నడుపుకుంటున్నారు. అయితే స్పాము బాట్లు రాత్రింబవళ్ళు దాడి చేస్తాయి, సర్వరు బిల్లు నెలనెలా వస్తుంది. మన హాస్టళ్ళలో వీటికి మించిన గండం ఇంకొకటి ఉంది: పాస్‌వర్డు తెలిసిన ఒకే ఒక్కడికి నాలుగో ఏడు పూర్తవుతుంది. వాడు బెంగుళూరులో ఉద్యోగంలో చేరతాడు. ఫోను చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా మామా’ అంటాడు.

సిద్ధాంతము

కాబట్టి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ముందు, డొమైను పేరు ఎవరిదన్న ప్రశ్న వేసుకోవాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద రాసిన రాతను, రాసినవారి పేరు చెప్పి, ఆ లైసెన్సు షరతులు పాటించి ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. అందుకే వలసలు సాధ్యమయ్యాయి. అందుకే పాత నకలు పాత చోటనే ఉండిపోయింది కూడా. వెళ్ళేవాళ్ళు మూసివేయమన్నా ఫ్యాండమ్ మూయదు, కొత్త నిర్వాహకులు వస్తే వాళ్ళకు అప్పగిస్తుంది. అలవాటుపడిన పాఠకులు, గూగుల్ మర్యాద, ఇతర పుటల నుంచి వచ్చే లింకులు అన్నీ చిరునామాను అంటిపెట్టుకుని ఉంటాయి. రాత అందరిదీ, చిరునామా ఒక్కరిది. ఆ ఒక్కరు మీరే అయితే, విరాళాల మీద నడిచే మిరాహీజ్ అనే వికీల గూటిలో పెట్టినా, అద్దె సర్వరు మీద పెట్టినా రేపు గుట్టుగా సర్దుకుని వెళ్ళవచ్చు. చదివేవాడికి ఇల్లు మారిన సంగతే తెలియదు. పేరు ఇంటివాడిదైతే ఎంత మంచి ఇల్లైనా, అది అమ్ముడుపోయేదాకానే మంచిది.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివి, మొదటి పుట రాయకముందే సొంత డొమైను కొన్నవారికి వలస భయం ఉండదు. డేటా మొత్తం నకలు తీసి వేరే చోట దాచినవారికి సర్వరు శోకం ఉండదు. పాస్‌వర్డు ముగ్గురికి, అందులో ఒక్కడైనా మొదటి సంవత్సరం వాడికి, అప్పగించినవారికి వంశవృద్ధి కలుగును. రెన్యూవల్ తేదీ మరిచినవారికి మాత్రం ఏ ఫలమూ లేదు. వారి పేరును ఇంకెవరో కొని అందులో రమ్మీ ప్రకటనలు పెట్టుకొందురు.